ఫారం వెనక రాసిన ఇళ్లు

ఆదివారం, రాత్రి. ఛత్రినాక.

పోయిన వారం నేను చేసిన ఆరోగ్య సర్వేలో మా గల్లీకి సున్నా వచ్చింది. "మీ పిల్లలెవరైనా మద్యం తాగుతారా?" అని అడిగితే ప్రతి ఇంట్లోనూ లేదనే చెప్పారు. నమ్మబుద్ధి కాక ఇవాళ మళ్లీ తిరిగాను. మాకు పాలు పోసే యాదమ్మ నవ్వింది.

"కల్లును మద్యమంటరా మేడం? బోనాలకు అమ్మవారికి కల్లు సాక పోసినంక పిల్లలకు గూడ ఇంత పోస్తం. గట్లడిగితే ఎవరు చెప్తరు?"

గుంటూరు నుంచి వచ్చి పదేళ్లయినా నాకు ఇది తట్టలేదు! వెంటనే ప్రశ్న మార్చాను. "కల్లు తాగి పొద్దున లేవలేని పిల్లలున్నారా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "మా నరేషే."

వాడికి పదిహేడేళ్లు. వాడు లేవకపోతే చెల్లెలు కాలేజీ మాని పాలు పోస్తోంది. పాలు ఆలస్యమైతే మూల మీది చాయ్ హోటల్ తెరుచుకోదు. రాత్రి వాడి లొల్లికి పక్కింటి బాలింత నిద్రపోదు. ఫారంలో వీటికి గడి లేదు. వెనక్కి తిప్పి, వాడి తాగుడు తగిలిన ఒక్కో ఇల్లూ రాశాను. పేజీ నిండింది.

పేరు రాయనని చెప్పాను.

"రాయుండ్రి మేడం," అంది గల్లీ అంతా వినేట్టు. "నాదే ముందు రాయుండ్రి. రేపు దవాఖానకు నేనే తోల్కపోత."

ఆమెను చూసి ఎంత గర్వపడ్డానో! నన్ను చూసి కూడా, కొంచెం. వాడు వెళ్తాడా? వెళ్లినా నిలబడతాడా? ఏమో...

తిరిగి వస్తుంటే ఇద్దరు తల్లులు గుమ్మాల్లోంచి పిలిచారు. "మేడం, మా ఇంటికి మళ్లొకసారి వస్తరా?"

లేదని చెప్పిన ఇళ్లే అవి.