చూసింది చెప్పే ఆట

అక్టోబర్ 6, మంగళవారం

చేరాం. పొద్దున్నుంచీ రైలు, తర్వాత స్టేషన్ నుంచి రిసార్ట్ వాళ్ళ బస్సు, అది దిగాక సామాన్లు ఈడ్చుకుంటూ నడక, ఆ నడక చివర్లో ఇంకో చిన్న బస్సు. మా తమ్ముడు తన కారు తీసుకెళ్ళమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. ఈయన వింటేగా. ఏడాది పొడుగునా స్కూల్ బస్సు తోలేవాణ్ణి, సెలవుల్లో కూడా స్టీరింగ్ పట్టుకోమంటావా బామ్మర్దీ అన్నాడట. అదీ నిజమే అనుకున్నాను. నేను పళ్ళ డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటాను. సెలవురోజు నన్నెవరైనా ఫోన్ ఎత్తమంటే ఆ ఫోన్ పెట్టే కొడతాను.

రూమ్ కిటికీలోంచి పార్కులోని పెద్ద చక్రం కనిపిస్తోంది. చెయ్యి చాపితే అందేలా ఉంది. అక్కడికి వెళ్ళాలంటే మాత్రం నీలం బస్సెక్కి, సరస్సు దగ్గర దిగి, ఎర్ర బస్సు పట్టుకోవాలట. నడిచి పోలేమా అని కౌంటర్లో అమ్మాయిని అడిగాను. ఆ రోడ్డు కార్లకేనండీ అంది, పాపం అన్నట్టు చూసి. కారు లేనివాళ్ళు ఇక్కడ సగం మనుషులు.

పాప మంచం మీద గెంతుతోంది. తొమ్మిదేళ్ళొచ్చినా ఇంకా గెంతుతోంది. గెంతనీ.

అక్టోబర్ 7, బుధవారం, మధ్యాహ్నం

ఇప్పటికి పార్కులో గడిపిన టైమ్ కంటే బస్ స్టాపుల్లో గడిపిందే ఎక్కువ. నీలం బస్సు వస్తే ఎర్ర బస్సు ఉండదు. ఎర్ర బస్సు వస్తే నిండిపోయి ఉంటుంది. మడత పెట్టని పిల్లల బండ్లు, ఏడ్చే పిల్లలు, వాళ్ళ కంటే ముందే ఏడుపు మొహాలు పెట్టిన పెద్దలు. డబ్బిచ్చి మరీ క్యూలో నిలబడటానికి వచ్చాం.

తండ్రీ కూతుళ్ళకి మాత్రం ఇదేం పట్టినట్టు లేదు. వాళ్ళకేదో ఆట ఉంది. పాప కనిపించినవన్నీ పైకి చెబుతూ ఉంటుంది. నాన్నా ఎడమవైపు బండి, నాన్నా మెట్టు, నాన్నా కుడివైపు బెలూన్ల ఆంటీ. ఈయన గుడ్ అంటాడు. నోటికి తాళం లేదు పిల్లకి. చెవులు చిల్లులు పడుతున్నాయి.

అంత ఆటలో ఉండి కూడా ఈయన ఒక పిల్లాడి బండిని గుద్దేశాడు. పక్కనే ఉంది, ఎర్ర రంగుది, ఏనుగంత ఉంది. వాళ్ళమ్మ నానా మాటలూ అంది. ఎక్కడ పెట్టుకున్నారు కళ్ళు అని నేను కూడా ఓ రెండు తగిలించాను. తప్పు తప్పు అని నవ్వేశాడు.

సాయంత్రం

నీళ్ళ సీసాలు తెస్తానని వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. పార్కు వాళ్ళ ఊరేగింపు అయిపోయింది, దీపాలు వెలిగాయి, జనం పల్చబడ్డారు. చివరికి పాపే కనిపెట్టింది. సరస్సు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో సీసాలున్నాయి. మేమున్నది పది అడుగుల దూరంలో. గాలి బాగుందని నిలబడ్డా అన్నాడు. రెండు తిట్లు తిట్టి ఊరుకున్నాను. పాప వెళ్ళి చెయ్యి పట్టుకుంది. చూడముచ్చటగా అనిపించింది నాకు. ఫోటో కూడా తీశాను.

అక్టోబర్ 8, గురువారం, ఉదయం

వాన. ఈయనకి తలనొప్పట. పాప నాన్న దగ్గరే ఉంటానంది. నేనొక్కదాన్నే వెళ్ళి, పిల్లలెక్కే బాతు పడవెక్కి, పిచ్చిదానిలా ఒక చుట్టు తిరిగొచ్చాను.

సాయంత్రం 7

బాత్‌రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను.

మధ్యాహ్నం వాన తగ్గాక ముగ్గురం వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు నీలం బస్సు కిటకిటలాడుతోంది. చీకటి పడుతోంది, నా కాళ్ళు నా మాట వినడం లేదు. పాప మొదలుపెట్టింది. నాన్నా ముందు కడ్డీ ఉంది, నాన్నా తాతగారి గొడుగు. ఎదుటి సీట్లో ఆవిడ మా వైపు చూసి మొహం చిట్లించింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. దిగేదాకా నోరు విప్పావంటే ఊరుకోనని కసిరాను. పాప ఈయన వైపు చూసింది. ఈయన తల తిప్పేసుకున్నాడు. పాప నోరు మూసుకుంది.

మా స్టాపులో బస్సు కాలిబాటకి కాస్త ఎడంగా ఆగింది. నేను దాటాను, పాప గెంతింది. ఈయన ఆ సందులోకి అడుగు వేశాడు. నిలువునా పడ్డాడు. గడ్డం కాలిబాట అంచుకి కొట్టుకుంది. చొక్కా నిండా రక్తం. డ్రైవర్ పరుగున వచ్చి లేపి, మీరు కూడా డ్రైవరే అన్నారు కదన్నా అన్నాడు. మధ్యాహ్నం వెళ్ళేటప్పుడు ఇద్దరూ బ్రేకుల గురించి కబుర్లాడుకున్నారు.

పాప గుక్కపట్టి ఏడ్చింది. నా తప్పు కాదు నాన్నా, అమ్మే చెప్పొద్దంది, అమ్మే చెప్పొద్దంది అని. అక్కడితో ఆగలేదు. మన బస్సులో ఎప్పుడూ మర్చిపోలేదు కదా నాన్నా అంది.

మన బస్సు అంటే ఈయన తోలే స్కూల్ బస్సు.

రాత్రి 8

మొహం కడిగే వంక మీద పాపని లోపలికి తీసుకొచ్చి అడిగాను. ముందు చెప్పనంది. ఒట్టేసిందట. తర్వాత అంతా చెప్పింది.

పోయిన ఏడాది నుంచీ ముందు సీటు పాపదే. నేను నాన్నకూచి అనుకుని మురిసిపోయాను. ఎడమవైపు సైకిల్ అంటే ఒక పాయింటు. సిగ్నల్ మారింది అంటే ఒక పాయింటు. మంచు రోజుల్లో డబుల్. బస్సు ఎక్కే పిల్లలు అందరూ ఎక్కేశారా, ఎవరైనా చక్రం దగ్గరున్నారా అని చూసి చెబితే అన్నిటికంటే ఎక్కువ పాయింట్లు.

ఎప్పుడైనా తప్పావా అని అడిగాను. ఒక్కసారి అంది. హోంవర్క్ మర్చిపోయి పుస్తకం తీసిందట. కుక్క అడ్డం వచ్చిందట. చెప్పడం ఆలస్యమైందట. నాన్న రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చి, ఐస్‌క్రీమ్ కొనిచ్చి, అమ్మకి చెప్పొద్దన్నాడట.

అది కుక్క కాబట్టి నేనిప్పుడు రాస్తున్నాను.

రోజూ పళ్ళు తోముకుంటున్నామని అబద్ధమాడేవాళ్ళని మొహం చూసి పట్టేస్తాను. మా డాక్టర్ కూడా మెచ్చుకుంటాడు. ఇంట్లో మనిషిని పట్టలేకపోయాను. ఏడాది.

అక్టోబర్ 9, శుక్రవారం

వెళ్ళిపోదాం అనుకున్నాను. వెళ్ళడానికి లేదు. స్టేషన్ బస్సులో మా సీట్లు రేపటికి ఉన్నాయి, ఇవాళ ఖాళీల్లేవు. కారుంటే ఎవరు తోలతారని? నాకు రాదు. ఆయనకి కనపడదు. కాబట్టి సెలవులు గడపాలి. నీలం బస్సెక్కి, ఎర్ర బస్సెక్కి, పార్కుకే వెళ్ళాం.

పాప గుర్రాల చక్రం మీద తిరుగుతుంటే బెంచీ మీద కూర్చుని అడిగాను. దాచలేదు. పోయిన వానాకాలమే కళ్ళ డాక్టర్ చెప్పాడట. పక్కచూపు పోతోందట. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మటుకే కనిపిస్తుంది, పొద్దు వాలితే అదీ ఉండదు. మందు లేదన్నాడట. స్కూల్ వాళ్ళు ఏడాదికోసారి పెట్టే పరీక్షలో ఎదురుగా అట్ట మీద అక్షరాలు చదివిస్తారు. అవి ఈయనకి చక్కగా కనిపిస్తాయి. భేష్ అని పంపేశారు.

పసిపిల్లని ఎందుకు లాగారు అన్నాను. లాగలేదన్నాడు. ఒకరోజు పాప తనంతట తానే, నాన్నా కుడివైపు తాత దాటుతున్నాడు అందట. నాకా తాత కనపడలేదు, చాలాసేపటికి కూడా కనపడలేదు అన్నాడు. మర్నాటి నుంచి పాపని ముందు కూర్చోబెట్టుకున్నాడు.

ఆ దారి కళ్ళు మూసుకున్నా వచ్చేస్తుంది నాకు అన్నాడు. దారి వస్తుంది, దారికి అడ్డంగా పరిగెత్తే పిల్లలు కూడా వచ్చేస్తారా అన్నాను. తల దించుకున్నాడు. బస్సు దిగితే నేనెవర్నే అన్నాడు. జాలేసింది. దానికంటే ఎక్కువ కోపమొచ్చింది.

పిల్లల పరీక్షలయ్యేదాకా స్కూల్లో చెప్పకుండా ఆగుదామన్నాడు. కుదరదన్నాను. నువ్వు చెప్పొద్దు, ఆదివారం నేనే స్కూల్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి చెబుతా, నా నోటితో చెప్పనీ అన్నాడు. సరే అన్నాను. ఆమాత్రం మర్యాద ఇవ్వాలి కదా.

చక్రం మా ముందుకొచ్చినప్పుడల్లా పాప చెయ్యి ఊపింది. ఈయన కూడా ఊపాడు, పాప దాటిపోయాక.

అక్టోబర్ 10, శనివారం

రైలు. పాప కిటికీ దగ్గర కూర్చుంది, బయటకి చూస్తూ, ఏమీ చెప్పకుండా.

అక్టోబర్ 11, ఆదివారం

పొద్దున్నే అడిగాను. చేస్తానన్నాడు. మధ్యాహ్నం అడిగాను. ఆఫీసర్ భోంచేసే టైమ్, తర్వాత చేస్తానన్నాడు. సాయంత్రం వంటింట్లోంచి వచ్చి చూస్తే యూనిఫామ్ ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కాలర్ మీద నీళ్ళు చల్లి, వేళ్ళతో మడత తడుముకుంటూ, ఎంతో శ్రద్ధగా. గడ్డం మీద కట్టు అలాగే ఉంది. రేపొక్కరోజు వెళ్ళొస్తా, వెళ్ళి మనిషికి ఎదురుగా చెబుతా అన్నాడు.

బస్సు తోలుకుంటూ వెళ్ళి చెబుతాడట.

మేడ మీదకెళ్ళి నేనే చేశాను. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసర్ అంతా విన్నాడు. తర్వాత, మా అమ్మాయి కూడా ఆ బస్సేనమ్మా అన్నాడు. థాంక్స్ చెప్పాడు. ఆ మాటకి ఎందుకో ఏడుపు ఆగలేదు. మొగుడి కడుపు కొట్టినందుకు థాంక్స్.

కిందికి వచ్చేసరికి ఆఫీసర్ ఈయనతో ఫోన్లో మాట్లాడటం కూడా అయిపోయింది. ఇస్త్రీ పెట్టె ఆపేసి, చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పాపని పిలిచి తల నిమిరాడు. మన ఆట అయిపోయింది తల్లీ, నువ్వు చెప్పేశావు కదా అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. అది తనంతట తాను చెప్పలేదు, నేనే అడిగి చెప్పించాను, ఫోన్ చేసింది నేను అని అరిచాను. అప్పటికే పాప లోపలికెళ్ళి దుప్పటి ముసుగేసుకుంది.

అక్టోబర్ 12, సోమవారం

వేరే డ్రైవర్ వచ్చాడు. బస్సు వెళ్ళిపోయేదాకా ఈయన బాత్‌రూమ్‌లోంచి బయటకి రాలేదు. పాప చివరి సీట్లో కూర్చుంది. చెయ్యి ఊపలేదు.

పిల్లలందరూ క్షేమంగా చేరారు. స్కూల్‌కి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను. చేసింది తప్పు కాదు. ఇంకోసారి చెయ్యమన్నా ఇదే చేస్తాను. అలా అని గుండె మీంచి బరువేమీ దిగలేదు.

అక్టోబర్ 21, బుధవారం

టీచర్ ఫోన్ చేసింది. సెలవులయ్యాక పాప క్లాసులో పైకి చదవడం లేదట. రాయమంటే అన్నీ సరిగ్గా రాస్తుంది, బోర్డు మీదున్నది చదవమంటే మాత్రం పెదాలు బిగించుకుని నిలబడుతోందట. ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగింది.

ఏం లేదండీ, సెలవులకి పార్కుకి వెళ్ళొచ్చాం అని చెప్పాను.