పదకొండు రుద్దుడు దిమ్మలు, ఒక గాజు పలక

ముందుగా ఒక సవరణ. పోయిన శుక్రవారం విందులో నా చిన్నకొడుకు ఎర్నిస్, అమ్మ తర్వాత వాళ్ల నాన్న పనిచేసిన షెడ్డు ఖాళీ చేసి టైర్ల కొట్టు పెడతాననీ, అందులో ఉన్నవన్నీ పొయ్యిలోకి పనికొచ్చే చెక్కముక్కలేననీ పదిమంది ముందు అన్నాడు. అవి చెక్కముక్కలు కావు. గరుకు కాగితం అంటించిన పదకొండు రుద్దుడు దిమ్మలు. ఈ ఊళ్లో మోగే మూడు తీగల కొముజ్ వాద్యాలలో సగం వాటి కింద చదునైనవే.

కొచ్కోర్ వాసిని, బడిలో ముప్పై ఒక్క ఏళ్లు రేఖాగణితం చెప్పినదాన్ని, కొముజ్‌లు చేసిన అసన్‌గాజీ భార్యను, కాలిచా ఒరోజోవా అనే నేను, డెబ్బై ఎనిమిదో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా తెలివి సరిగ్గానే ఉంది. స్థలం కొలతల్లో నోటరీగారు చేసిన తప్పును ఇందాక నేనే దిద్దాను. మోకాళ్ల సంగతి వేరు. వాటితో సంతకం పెట్టక్కర్లేదు.

1. ఇల్లు, పెరడు, ఆవు, పెద్ద వంట బాన చిన్నకొడుకు ఎర్నిస్‌కు చెందుతాయి. పొయ్యి ఉన్న ఇల్లు చిన్నవాడిదే అన్నది మన తాతల నాటి ఆచారం. నేను దాన్ని మీరను. పెద్దవాడు వేరుపడేటప్పుడే తన వాటా తీసుకున్నాడు, మంచి దుప్పట్లతో సహా.

2. షెడ్డు మాత్రం ఇంట్లో భాగం కాదు. అందులోనూ పొయ్యి ఉంది కదా అని ఎర్నిస్ వాదిస్తాడని తెలుసు. అది జిగురు కాచే పొయ్యి. దాని మీద నలభై ఏళ్లలో ఒక్కసారీ మాంసం ఉడకలేదు, టీ కాగలేదు. ఏ పొయ్యి దగ్గర మనిషి కడుపు నిండదో అది ఆచారం చెప్పే పొయ్యి కాదు. ఈ షెడ్డు, గాజు పలక, పది దిమ్మలు, ఆరబెట్టిన ఆప్రికాట్ చెక్క మొత్తం నా చిన్నకోడలు, ఎర్నిస్ భార్య గుల్‌బారాకు, ఆమె ఒక్కదానికే, రాసి ఇస్తున్నాను.

కారణం చెప్పకపోతే నేను మతి తప్పి రాశానంటారు. నాలుగేళ్ల కింద మా బావగారి మనవడి పెళ్లికి ఎర్నిస్ ఒక కొముజ్ చేశాడు. విందు మధ్యలో పాట మూడో చరణానికి దాని పైమూత లేచి, కప్ప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. ముసలివాళ్లు చలికాలాన్ని తిట్టారు. ఎర్నిస్ జిగురు అమ్మినవాణ్ని తిట్టాడు. అప్పటికి ఇంటికొచ్చి రెండేళ్లయిన గుల్‌బారా, మామగారి పేరు కూడా పలకకూడని కోడలు, టీ పోస్తూ నా చెవిలో అంది:

“అత్తయ్యా, మూత తప్పు కాదు, జిగురు తప్పూ కాదు. ఈయన దిమ్మకి కాగితం అంచుల మీదుగా మడిచి మేకులు కొట్టారు. మడతల దగ్గర కాగితం ఉబ్బుతుంది. రుద్దినప్పుడల్లా కొముజ్ గిన్నెలాంటి పొట్ట అంచు గుండ్రమైపోతోంది. ఇక మూత దేనికి ఆనుకుంటుంది?”

బడిలో అన్నేళ్లలో ఇంత శుభ్రమైన నిరూపణ నేను వినలేదు. పక్కనే ఉన్న ఎర్నిస్ మాత్రం విని, నువ్వు టీ చూసుకో అన్నాడు. ఆమె టీ చూసుకుంది. మర్నాటి నుంచి షెడ్డు కూడా చూసుకుంది.

3. ఆమెకు నేను నేర్పినది ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు ఎవరూ తమ సొంత కనిపెట్టుడు అని చెప్పుకోకుండా. దిమ్మ అడుగు ముందు గాజు మీద చదునో కాదో చూడాలి. కాగితం దిమ్మకన్నా వేలెడు పెద్దగా కోయాలి. జిగురు చెక్కకు పూయాలి, కాగితానికి కాదు. రొట్టె మీద వెన్న పూసినట్టు కాదు, పిసినారి పూసినట్టు పూయాలి. కాగితాన్ని గరుకు వైపు కిందికి పెట్టి గాజు మీద పరిచి, దిమ్మ దింపి, బరువు పెట్టి మర్నాటిదాకా ముట్టుకోకూడదు. తర్వాత దిమ్మను తిరగేయకుండా, కాగితం వీపు వైపు నుంచి కత్తితో అంచు వెంట కోయాలి. మడత ఉండకూడదు. మేకు అసలే ఉండకూడదు.

4. పొరుగింటి సగీన్ పన్నెండో దిమ్మను 1987లో ఒక్క పూటకని పట్టుకెళ్లి, నాటి నుంచి దానితో అక్రోట్లు పగలగొడుతున్నాడు. ఆ దిమ్మను అతనికే ఇస్తున్నాను. ఎలాగూ ఇవ్వడు, కనీసం పుణ్యమైనా నాకు దక్కనీ. ఆస్తి పొందుతున్నాడు కాబట్టి సాక్షిగా పనికిరాడు. అది నాకు అదనపు లాభం.

5. పదకొండో దిమ్మ ఎర్నిస్‌కు. దాని పక్క చెక్కలో మా ఆయన బొటనవేలు పడి పడి గుంట పడింది. ఎర్నిస్ బొటనవేలు అందులో సరిగ్గా పడుతుంది. వాడు ఎవరూ చూడటం లేదనుకుని పెట్టి చూసుకోవడం నేను కిటికీలోంచి చూశాను. అందుకే ఆశ వదులుకోలేదు.

6. ఎర్నిస్ ఆ దిమ్మకు తన చేత్తో కాగితం అంటించి, గాజు మీద పెట్టి, వెనకాల దీపం ఉంచినప్పుడు కింది నుంచి వెలుగు గీత కనబడకపోతే, షెడ్డులో కుడివైపు బల్ల అతనిది. తీర్పు గుల్‌బారాది. అప్పీలు లేదు. ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు. ఈ ఇంట్లో అప్పటిదాకా టైర్ల మాట ఎత్తకూడదు.

ఇది నా ఆఖరి మాట. మనసు మార్చుకుంటే ఇంకో ఆఖరి మాట రాస్తాను.

కొచ్కోర్, 14 అక్టోబరు 2009
(సంతకం) కాలిచా ఒరోజోవా

సాక్షులు: బురుల్ తెమిరోవా, రిటైరైన భౌతికశాస్త్రం టీచరు, జుమాష్ సతరోవ్, పశువుల డాక్టరు.

సంతకాలయ్యాక చేర్చినది: ఎర్నిస్, నేనింకా బతికే ఉన్నాను గనక ఇది వీలునామా కాదు, పని. శనివారం బజారుకెళ్లి షెడ్డు తాళానికి ఇంకో చెవి చేయించు. రెండూ నీ భార్య చేతికివ్వు. రెండోది ఎవరికివ్వాలో ఆమె చూసుకుంటుంది. వచ్చేటప్పుడు నూట ఇరవై నంబరు గరుకు కాగితం ఆరు షీట్లు కొను. ఒకటి చాలదు, నాకు తెలుసు. చుట్టి చంకలో పెట్టుకోకు. రెండు అట్టల మధ్య పెట్టి, మడత పడకుండా తీసుకురా.