మీ నాన్న బల్ల చెక్క

మెర్ల్,

ఓవెన్‌లో మీట్‌లోఫ్ ఉంది. ముందు తిను, తిన్నాకే గరాజ్‌లోకి వెళ్లు.

మీ నాన్న గుర్తుగా మిగిలిన బల్ల చెక్కతో మనం చేస్తున్న గిటార్‌కి, తీగల కింద పికప్ కూర్చునే గుంట మిషన్‌తో తొలిచాను. బ్లేడుకి దారి చూపే అచ్చు పలక మరీ పలచన. బ్లేడు మీది బేరింగ్ చక్రం దాని అంచుకు ఆనలేదు, బ్లేడు అచ్చునీ చెక్కనీ కలిపి తినేసింది. గుంట పక్కకి వేలెడు పెరిగింది, పైన ఏ ప్లేటు బిగించినా కనపడుతుంది.

"అచ్చు కింద ఇంకో పలక వెయ్యి ఐలీన్" అని పొద్దున నువ్వు చెప్పనే చెప్పావు. "నీ పని చూసుకో" అన్నాను.

ఆ బల్లలో ఇంకో ముక్క లేదు. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. షిఫ్ట్‌కి టైమైంది, పోతున్నా. వచ్చాక తిట్టు. ఏమీ అనకుండా దాన్ని నిమురుతూ మాత్రం కూర్చోకు, అది నేను చూడలేను.

ఐలీన్

గరాజ్‌లో జామ్ సీసాలో ఉన్నది ఆ చెక్క పొట్టే. ఊడ్చి పారెయ్యడానికి చేతులు రాలేదు.