డుడుమ దగ్గర నువ్వు లేని రోజు

అల్లిపురం, విశాఖపట్నం.
11-9-1979, మంగళవారం.
తెల్లవారుజామున జల్లు పడి ఆగింది. పడమటి గాలి. వంటింటి మీద జారిన పెంకులు మూడు సర్దాను.

మిత్రుడు ఫ్రాన్సిస్ బావకి,

పైడయ్య నమస్కరించి రాసేది. మీ ఇంట్లో అందరూ బాగున్నారని కళ్లారా చూసి వచ్చాను కనుక ఆ ప్రశ్న అడగను. మేమూ బాగానే ఉన్నాం. మీ దగ్గరి జైపూర్ ఆసుపత్రిలో మీ అమ్మగారి కంటి ఆపరేషన్ సుఖంగా అయిందని తలుస్తాను. ఆమెకి నా దండాలు చెప్పు.

నేను వచ్చి వెళ్లిన సంగతి దీవెనమ్మ ఈపాటికి నీకు చెప్పే ఉంటుంది. మిగిలింది నేను రాస్తున్నాను. ఆరేళ్లుగా ఒక్క కార్డు ముక్క రాయనివాడు ఇప్పుడు ఇన్ని కాగితాలు రాస్తున్నాడేమిటని అనుకోకుండా చివరిదాకా చదువు.

మనుషుల ట్రాలీని లోయలోకి దింపే మీ ప్రాజెక్టు వించికి కొత్త ఇనపతాడు మన కంపెనీ గోడౌన్ నుంచే వచ్చింది. తాడు చుట్ట దించేటప్పుడు మెలిక పడకుండా చూసుకునే మనిషి ఒకడు లారీతో వెళ్లాలన్నారు. నేను వెళ్తానన్నాను. ఫోర్మన్ నా మొహంలోకి చూసి, ఏడాదికి ఒక మాట అనేవాడివి, ఈ ఏటి మాట ఇప్పుడే ఖర్చు పెట్టేశావే అన్నాడు.

లారీ డ్రైవరు చలమయ్యని నువ్వెరగవు. తగరపువలస మనిషి. శృంగవరపుకోట దాటి ఘాటెక్కిన దగ్గర్నుంచి నోరు మూయలేదు. నీ పక్కన కూకోడం కన్నా ఆ తాడుసుట్ట పక్కన కూకోడం నయం బావా, మలుపొచ్చినప్పుడల్లా అదైనా కిర్రుమంటాది అన్నాడు. అనంతగిరి దగ్గర మబ్బు రోడ్డు మీదికి దిగింది. పాడువాలో పడుకుని, మర్నాడు పది గంటలకి ఒనకడిల్లి చేరాం. చుట్ట మెలిక లేకుండా దిగింది.

మీ క్వార్టరు అడిగి వచ్చేసరికి దీవెనమ్మ గుమ్మంలో కూర్చుని చామదుంపలు గీకుతోంది. నన్ను చూసి లేవలేదు. ఆరేళ్లకి దారి కనపడిందా అన్నయ్యా, ఆయన నిన్ననే అత్తని తీసుకుని జైపూరు ఎల్లారు, మీరు సరిగ్గా లేని రోజే సూసి వచ్చారు అంది. నువ్వు ఊళ్లో లేవని తెలిసి ముందు ఒంట్లో బరువు దిగినట్టయింది. అది కూడా రాస్తున్నాను.

అన్నం పెట్టింది. చామదుంపల పులుసు, వేయించిన ఎండునెత్తళ్లు. చలమయ్య ఊరుకోకుండా, ఫిషింగ్ హార్బరు నుంచొచ్చినోళ్లకి ఎండుసేపలు పెడతావేటి వదినా అన్నాడు. పచ్చిసేప తెచ్చేది మీరు, ఉత్తి సేతులతో వచ్చి పైగా ఎటకారం కూడానా, తిను అంది. రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

ఇంత దూరం వచ్చి డుడుమ జలపాతం చూడకుండా పోతే ఊళ్లో నవ్వుతారని చలమయ్య పట్టుబట్టాడు. దీవెనమ్మ దారి చూపిస్తానని వచ్చింది. లారీ దిగి నడుస్తుంటే, చూడకముందే అది అరికాళ్లకి తెలిసింది. నేల అదురుతోంది. చెట్లు తప్పుకోగానే ఎదురుగా నీళ్లు.

నాకు ఎత్తు అంటే రేవులో బెర్తు మీది క్రేను బూమే, దాని పొడుగు చెయ్యే. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి లెక్క కట్టబోయి, నాలుగో క్రేను దగ్గర మానేశాను. అడుగెక్కడో కనపడలేదు. పైన ఒక్క తాడులా దిగుతుంది, సగం దూరం వచ్చాక పురి విడిపోతుంది, ఆ కింద పీచు, ఆ కింద పొగ. లోయ నిండా అడవి ఆ పొగలో తడుస్తూ ఉంది. చొక్కా జేబులో బీడీలు కూడా తడిసిపోయాయి. చలమయ్య నా చెవి దగ్గర చాలాసేపు ఏదో చెప్పాడు. ఒక్క ముక్క వినపడలేదు. లారీ దగ్గరికి వచ్చాక ఏమన్నావని అడిగితే, ఏటీ లేదు బావా, మాటాడకుండా నీలాగ ఉంటే ఎలాగుంటాదో సూద్దారని ఉత్తినే నోరాడించాను అన్నాడు. దీవెనమ్మ నవ్వింది. మీ ఇంటికి వచ్చాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

చలమయ్య ఇంజనులో నీళ్లు పోస్తుంటే ఆమె రాయి మీద కూర్చుని చెప్పింది. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక నువ్వు అక్కడికే వెళ్లి కూర్చుంటావట. అక్కడైతే ఎవరు ఏం అడిగినా వినపడదు కదా అన్నావట. వించికి తాడుమనిషి పోస్టు ఖాళీ అయిందని, రిజిస్టరులో నీ పాత పని చూసి ఇంజనీరు నీకే ఇస్తానన్నాడని, ఇరవయ్యో తారీకు లోపల జవాబు చెప్పమన్నాడని చెప్పింది. నువ్వు వద్దంటున్నావట. నువ్వు చేస్తున్న స్టోరు కాపలా పని ఈ నెలాఖరుతో సరి అని, అది పోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలని కూడా చెప్పింది.

ఎందుకు వద్దంటున్నాడని అడిగాను. నువ్వు ఆమెతో అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పింది. తాడు కొస పురుల్లోకి దోపిన ఐదు కుట్లూ నా సేత్తో నానే ఏశాను దీవెనా, సరిగా ఏసిన తాడే తెగింది, అలాంటప్పుడు నా తాడు నమ్మి ఇరవైమందిని ఆ ట్రాలీలో లోయలోకి ఎలా దింపుతాను అన్నావట. ఈ ఆరేళ్లలో గొడ్డుకి పలుపు కూడా కట్టలేదట నువ్వు.

ఇప్పుడు నేను చెప్పేది విను. తాడు తెగిన రోజు బెర్తు మీద అందరి ముందూ ఫోర్మన్ ఆ ముక్క ఎత్తి చూపించాడు. కుట్ల మీద మన షెడ్డులో నీ గుర్తయిన ఎర్రనూలు చుట్టి ఉంది. నువ్వు వాదించలేదు. ఎర్రనూలు నాదే, కాబట్టి తాడూ నాదే అన్నావు. ఎత్తిన బరువు మీద పడి కళాసీ వరహాలు కాలు విరిగి రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. నువ్వు మర్నాడే పని మానేసి కొండెక్కావు.

నువ్వు వెళ్లాక, షెడ్డులో నీ ఎర్రనూలు తాళ్లు ఏడు మిగిలాయి. వాటిని ముట్టుకోవద్దని ఫోర్మన్ మూల పడేయించాడు. ఒక మధ్యాహ్నం నేను ఒక్కడినే కూర్చుని ఏడింటికీ నూలు విప్పాను. ఒక్కొక్క పురినీ వేలితో తడిమి లెక్కపెట్టాను. ఏడింటిలోనూ ఐదేసి కుట్లు. ఒక్క తీగ కూడా బయటికి పొడుచుకు రాలేదు. మళ్లీ నూలు చుట్టి, ఫోర్మన్‌తో గొడవపడి పనిలో పెట్టించాను. ఆఖరిది మొన్న మార్చి దాకా బరువులెత్తింది. తెగి కాదు, అరిగి తీసేశాం.

సరిగా వేసిన తాడు తెగదు ఫ్రాన్సిస్. నలభై ఏళ్లు బతికి నేను గట్టిగా చెప్పగల మాట ఇదొక్కటే. మీ వించి చూశాను, పట్టాలు చూశాను, తాడు చుట్ట అంతా నా చేతుల మీదుగా దిగింది. మంచి సరుకు. దాని కొస కుట్టడానికి ఈ జిల్లాలో నీ అంత మనిషి లేడు. ఇరవయ్యో తారీకు దాకా ఆగకు. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్లి సరే అని చెప్పు.

పిల్లలకి నా ఆశీస్సులు. మా ఇంటిది మంగాయమ్మ దీవెనమ్మని అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
నీతో ఒకే బల్ల మీద తొమ్మిదేళ్లు పని చేసిన
పైడయ్య

తా.క. సంతకం పెట్టి, కాగితాలు మడిచి, మళ్లీ విప్పాను. పైన రాసింది అబద్ధం కాదు. కానీ అంత నమ్మకంగా ఎలా చెబుతున్నానో రాయలేదు.

ఆ తాడు నీది కాదు. నాది.

ఆ పొద్దున్న ఓడ వాళ్లు తొందరపెడుతున్నారు. నా తెల్లనూలు అయిపోయింది. మేకుకి నీ ఎర్ర ఉండ వేలాడుతోంది. బారెడు తెంపి చుట్టేశాను. ఎవరి నూలు వాళ్లే చుట్టాలన్న మన షెడ్డు కట్టుబాటు నాకు తెలియక కాదు. సాయంత్రం తెల్లనూలు తెచ్చి మార్చేద్దామనుకున్నాను. మధ్యాహ్నానికే దాన్ని బెర్తు మీదికి పట్టుకుపోయారు. లోపల వేసినవి నాలుగు కుట్లే. ఐదోది వెయ్యబోతుంటే ఓడ హారన్ మోగింది. నాలుగు చాల్లే అనుకున్నాను. పైన నూలు చుట్టేస్తే ఎవరికీ కనపడదు.

ఆ రాత్రి నా పుస్తకంలో మూడు తాళ్లు కుట్టానని రాసుకున్నాను. కుట్టినవి నాలుగు తాళ్లు, ఆ తెగినదాన్ని లెక్కలోంచి తప్పించాను.

నువ్వు తాడు నాదే అన్నప్పుడు నేను నీకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. ఎందుకు మాట్లాడలేదంటే, నాకు భయం వేసింది. అంతకన్నా పెద్ద కారణమేదీ లేదు. కొండ మీదికి వచ్చింది ఇది చెప్పడానికే. దీవెనమ్మ ముందు కూడా నోరు రాలేదు.

నువ్వు వేసిన ఐదు కుట్ల తాడు ఏదీ ఎప్పుడూ తెగలేదు. నీ చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు.

ఇదే సంగతి ఇంకో కాగితం మీద రాసి వేలిముద్ర, సంతకం రెండూ పెట్టాను. కవరులో ఉంది. మీ ఇంజనీరుకి చూపించు. ఫోర్మన్‌కి ఈ ఉదయమే చెబుతాను. ఆ తర్వాత వరహాలు దగ్గరికి వెళ్తాను. పోర్టు గేటు ముందు టీ కొట్టు పెట్టుకున్నాడు. వాన పట్టినప్పుడల్లా కాలు నొక్కుకుంటూ నిన్ను తిడతాడు, తిడుతూనే నాకు టీ పోస్తాడు. ఆసుపత్రికి మోసుకెళ్లింది నేనని నన్ను అన్నా అని పిలుస్తాడు. నన్ను ఏం చేసినా నువ్వు అడ్డం రాకు.

ముందు మాత్రం ఈ కవరు పోస్టు డబ్బాలో పడాలి. ముందు వాళ్ల దగ్గరికి వెళ్తే, ఎవరో ఒకరు ఇప్పుడెందుకులే పైడయ్యా అంటారు, నేనూ ఊరుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. డబ్బా ఏడున్నరకి తీస్తారు. ఏడూ పది అయింది. ఎవరికి అంత రాస్తన్నావని మంగాయమ్మ అడుగుతోంది, తిరిగొచ్చి చెబుతానన్నాను. గోందు కనపడలేదు. అన్నం మెతుకు పెట్టి కవరు అంటించి, చెప్పులు వేసుకుని డబ్బా దగ్గరికి బయల్దేరుతున్నాను.