సీసా వెనక అక్షరాలు

ఆదివారం, మార్చి 9

పూజ్యులైన వదినగారికి మీ మరదలు నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ, పిల్లా బాగానే ఉన్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

ఫోనులో చెబితే మీరు ఏడుస్తారు, నేను మాట మింగేస్తాను. అందుకే ఉత్తరం. కేసు గెలిచాం.

మొన్న వినియోగదారుల కోర్టులో కంపెనీ లాయరు ఆ బీరు సీసా నా చేతికిచ్చి, వెనకాల అంతా రాశాం కదా, చదవమన్నాడు. ముందువైపు మద్యం సున్నా అని అరచేయంత గుర్తు. వెనకాల, ధర పక్కన, కొంచెం మద్యం ఉందన్న మాట చీమ తలకాయంత అక్షరాల్లో. కళ్లజోడు పెట్టుకున్నా కూడబలుక్కోలేకపోయాను. జడ్జిగారు సీసా తెప్పించుకుని కిటికీ వైపు తిప్పి చూశారు. ఆవిడకీ ఆనలేదు. మీరే చదవండని లాయరుకిస్తే అతనూ వేలు పెట్టి వెతుక్కున్నాడు. వెనక బెంచీల్లో నవ్వారు. నాకు నవ్వు రాలేదు వదినా.

తర్వాత నన్ను చెప్పమన్నారు. మీ తమ్ముడు బస్సు డ్రైవరనీ, తాగుడు మానేశాక నాలుగేళ్లు చుక్క ముట్టలేదనీ, డిపోలో అందరూ తాగుతుంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలని ఈ సున్నా సీసా మొదలుపెట్టారనీ, ఏడాది తిరక్కుండా అసలుదానికి వెళ్లారనీ చెప్పాను. ఉద్యోగం పోయింది, కాలేయం పోయింది, మనిషి పోయాడు అని చెప్పి కూర్చున్నాను.

ఉన్నదాన్ని లేనట్టు చూపించడం మోసమేనని తీర్పు. లేబుల్ మార్చాలట, మనకు పరిహారం ఇవ్వాలట. ఆస్పత్రి వరండాలో మీరు నా భుజాలు పట్టి కుదిపి, ఆ సీసా నా తమ్ముణ్ణి మింగేసింది, వాళ్లని వదలకు అన్నారు. వదల్లేదు. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడ్డాను.

మాత్రలు మానకండి.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: కవరు అంటించబోతుంటే డిపో మెకానిక్ పలకరించడానికి వచ్చాడు. తీర్పు సంగతి చెబితే తల దించుకున్నాడు. మొదటి సీసా కొన్నప్పుడు అతను పక్కనే ఉన్నాడట. మీ తమ్ముడు దాన్ని వెనక్కి తిప్పి, దుకాణం లైటు కింద పెట్టి చదివి, ఇందులో కొంచెం ఉందిరా, మా ఇంట్లో దీనికి అడ్డు చెప్పరు అని నవ్వారట.

వదినా, ఆ సున్నా చూసి సంబరపడి, ఫ్రిజ్‌లో చోటు చేసి పెట్టింది నేను. డ్యూటీ దిగి వస్తే మూత తీసి చేతికిచ్చింది నేను. ఆయన మోసపోలేదు. మోసపోయింది నేనే. కంపెనీ పైకోర్టుకు వెళ్తుందంటున్నారు. మళ్లీ పిలిస్తే ఈ మాటే చెబుతాను. మీరు కోప్పడినా సరే.