కండక్టరు నోట్లో నా పళ్ళు

చిట్టితల్లికి,

నా కట్టుడు పళ్ళు దొరికాయమ్మా! నాకు మతి పోలేదు! ఫోన్లో చెబితే "అలాగే నాన్నా, అలాగే" అని పసివాణ్ణి జోకొట్టినట్టు జోకొట్టి పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. కూర్చుని మొత్తం చదువు.

ఈ వృద్ధాశ్రమంలో నా పక్క మంచం బస్సు కండక్టరు పోయాడని నీకు తెలుసు కదా. నర్సమ్మ నన్ను గది బయట కుర్చీలో కూర్చోబెట్టింది. లోపల్నుంచి ఆ పిల్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి. "తాతగారూ, గోరువెచ్చటి నీళ్ళే. చెయ్యి ఎత్తుతున్నా. ఇటు తిప్పుతున్నా" అని, బతికున్నవాడితో చెప్పినట్టే చెబుతూ ఒళ్ళు తుడిచింది. అంతా బాగానే చేసింది. నోరు బిగుసుకోకముందే పళ్ళు పెట్టాలట. ఆ కంగారులో కిటికీ దగ్గరున్న రెండు గ్లాసుల్లో నా గ్లాసు అందుకుంది! నా పళ్ళు కండక్టరు నోట్లోకి, కండక్టరు చల్లగదిలోకి! వాడి కూతురు దూరం నుంచి రావాలని అక్కడే ఉంచారు.

మిగిలిన పళ్ళు పెట్టుకుంటే నమలడం మాట అటుంచు, నోరు తెరిస్తే ఈల! "ఇవి నావి కావు, నావి కండక్టరు పట్టుకుపోయాడు" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. డాక్టరు మీ అన్నయ్యకు ఏం చెప్పాడో తెలుసా? "మీ నాన్నగారికి ఈలలు వినిపిస్తున్నాయి, చనిపోయినాయన పళ్ళు ఎత్తుకెళ్ళాడంటున్నారు" అని! వాడు నన్ను ఒక్క మాటైనా అడగకుండా మతి తప్పినవాళ్ళ వార్డుకు మార్చమన్నాడు. ఆ వార్డు తలుపుకు గడియ బయటివైపే ఉంటుంది. నువ్వేమో "మంచిదే కదా నాన్నా, అక్కడ చూసేవాళ్ళు ఎక్కువ" అన్నావు. ఎంత గుచ్చుకుందో నీకు తెలీదు.

నిన్న కండక్టరు కూతురు వచ్చింది. ముఖం మీద గుడ్డ తియ్యగానే, "ఇవి మా నాన్న పళ్ళు కావు. ముందు సందేదీ? ఈల వెయ్యాలని పట్టుబట్టి మరీ పెట్టించుకున్నాడు" అందట. నర్సమ్మ పరిగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడబోయింది. "ఏడుపు తర్వాత, ముందు నా పళ్ళు తే" అన్నాను. ఎలా పెట్టుకున్నావని ముఖం చిట్లించకు. ఇన్ని రోజులకు వాడి నోరు మళ్ళీ సడలిందట, తీసి మందునీళ్ళలో కడిగే ఇచ్చింది. వాడితో సబ్బూ దువ్వెనా పంచుకున్నవాణ్ణి, ఇదొక లెక్కా! వాడి పళ్ళు వాడికి పెట్టాక వెళ్ళి చూశాను. ఇప్పుడో ఇంకాసేపటికో ఈల వేసేటట్టే ఉన్నాడు వెధవ. నన్ను వార్డు మార్చడం మానుకున్నారు.

ఇక నాకు మతి పోలేదని ఎవరెవరికి చెప్పాలో విను. ముందు మీ అన్నయ్యకు. "పెద్దాయనకు చాదస్తం ముదిరింది" అన్న మీ వదినకు రెండుసార్లు. ఫోన్లోనే శోకాలు మొదలెట్టిన మీ మేనత్తకు. చూడ్డానికొచ్చి "నేనెవరో చెప్పుకోండి బావా" అని పరీక్ష పెట్టిన మీ చిన్నమామయ్యకు. మీ పిన్నికి చెబితే చాలు, మిగతా చుట్టాలందరికీ అదే చేరుతుంది. అందరికీ అయ్యాక నాకూ ఒకసారి చెప్పమ్మా. మధ్యలో నేనూ నమ్మేశాను.

మీ నాన్న