ఏరు దాటే బావమరుదులు

లువాంగ్వా ఒడ్డు,
చలిరోజులు.

చిరంజీవి మైలేసికి మీ నాన్న దీవించి రాసేది. ఇక్కడ నేనూ, నీ తమ్ముడూ క్షేమం. నువ్వూ, పసిపాపా, అల్లుడు మోఫాట్ కులాసా అని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఆడపిల్ల అని చదివి వంటపాక దగ్గరే కూలబడ్డాను. వంటవాడు ఫిలిమోన్ కంగారుపడి నీళ్ళు తెచ్చాడు. తాతనయ్యానురా అంటే, ఆ నీళ్ళు తనే తాగేసి, "నీ జుట్టు చూసి ఎప్పుడో అయ్యావనుకున్నా" అన్నాడు.

వానలు తగ్గాక ఈసారి జంతువుల్ని చూడవచ్చేవాళ్ళ కోసం వేసే శిబిరం మళ్ళీ లేపడానికి నానా తిప్పలు పడ్డాం. ఏరు ఒడ్డును తినేసింది. నిరుడు స్నానాల పాక ఉన్నచోట ఇప్పుడు నీటిగుర్రాలు పొర్లుతున్నాయి. గడ్డి సరిగ్గా పెరగక గుడిసెల కప్పులు పలచగా వచ్చాయి. పడుకుంటే చుక్కలు కనబడుతున్నాయని వచ్చినవాళ్ళు గొడవ చేస్తారని భయపడ్డాం. వాళ్ళేమో అదే బాగుందని మురిసిపోతున్నారు.

నా మోకాలి సంగతి అడిగావు. ట్రే పట్టుకుని ఒడ్డుదాకా నడిచేటంత బాగానే ఉంది. మోఫాట్‌కు గనిలో రాత్రి పని తప్పిందో లేదో నువ్వు రాయలేదు. పాపకు పాలు చాలడం లేదన్నావు. వేరుశనగ పొడి కలిపిన జావ తాగు, చేపల పులుసు తిను. ఈ మాటలు చెప్పవలసింది నేను కాదు, అయినా చెబుతున్నాను.

నా పని నీకు తెలిసిందే. పొద్దు వాలేవేళ వచ్చినవాళ్ళకు ఒడ్డున గ్లాసులు అందించాలి. సరిగ్గా అప్పుడే ఏనుగులు ఏరు దాటుతాయి, వీళ్ళు చప్పట్లు కొడతారు. అవి ఎక్కేది మన ఊరి ఒడ్డు. మీ అమ్మది ఏనుగు వంశం కాబట్టి అవి నాకు బావమరుదులు, నీకు మేనమామలు. పెళ్ళయిన కొత్త నుంచీ ఆ వరస పట్టుకుని ఏడిపించేవాణ్ణి. మీవాళ్ళొచ్చారు, పళ్ళేలు పెట్టు అంటే, "మావాళ్ళు అడక్కుండా తింటారు. మీవాళ్ళయితే తిని వంకలు పెడతారు" అనేది.

పాపకు నీళ్ళు పోయడానికి అమ్మను ఎప్పుడు పంపుతావని రెండు ఉత్తరాల్లో అడిగావు. ఇంతసేపూ ఆ ప్రశ్నను తప్పించుకుంటూనే రాశాను. మైలేసీ, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదువు. అమ్మ ఇక లేదు. నీకు నెలలు నిండుతుండగా పోయింది. కడుపుతో ఉన్న పిల్ల చెవిన చావు కబురు పడకూడదని, బిడ్డ భూమ్మీద పడేదాకా ఎవరూ నోరు విప్పొద్దని మీ పెద్ద మేనమామ యోబె కట్టడి చేశాడు. అమ్మ చేను వదిలి రాలేకపోతోందని కిందటి ఉత్తరంలో రాయించింది ఆయనే, రాసింది నేనే.

అమ్మ పోయిన సాయంత్రం కూడా ఏనుగుల మంద ఏరు దాటింది. ఎక్కడికి పోతున్నాయని వచ్చినవాళ్ళలో ఒకామె అడిగింది. "మా బావమరుదులమ్మా, మా ఇంటికి భోజనానికి పోతున్నారు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి మీ అమ్మ జొన్నకంకులు గాదెకెత్తుతోంది. నీ పురుటికి తేవాలని ఒక బుట్ట విడిగా పెట్టుకుందట. మంద రాగానే అందరూ ఇళ్ళల్లోకి పరిగెత్తినా, తను మాత్రం రేకుడబ్బా వాయిస్తూ గాదె ముందే నిలబడిందని పక్కింటి తెరెజా చెప్పింది. "అన్నా, మిగతాదంతా తిను. ఈ బుట్ట మాత్రం ముట్టుకోకు, ఇది నా బిడ్డది" అందట. ముందున్న ఏనుగు ఆగలేదు.

తర్వాత అడవిశాఖ తుపాకులవాళ్ళు వచ్చారు. ఈ మందను రోజూ చూసేవాడివి, చంపింది వీటిలో ఏదో చూపించు, కాల్చేస్తామన్నారు. తెరెజా ఆనవాళ్ళు చెప్పింది కూడా. యోబె మామ నా భుజం మీద చెయ్యి వేసి, "నీ ఇష్టం బావా" అన్నాడు. అన్నా అని పిలిచి పోయిన మనిషి మాట మీద నా వేలు లేవలేదు. మంచిపని చేశానో, చేతకానివాడినయ్యానో తెలియదు. నీ తమ్ముడు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అవి రోజూ దాటుతూనే ఉన్నాయి, చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోతుంది. గ్లాసులు మాత్రం అందిస్తూనే ఉన్నాను.

పాపకు అమ్మ పేరే పెట్టమని అందరూ అంటారు. పోయినవాళ్ళు అలాగే తిరిగొస్తారని యోబె మామ కూడా కబురు పంపుతాడు. ఇప్పుడే పెట్టకు తల్లీ. పని ముగించుకుని పడవ దిగి ఇంటికి వెళితే, గుమ్మంలోంచి "ఎస్నాతీ" అని ఇంకా పిలుస్తున్నాను. నోరు ఆ పేరు మానుకున్నాక నేనే నీకు రాస్తాను. అప్పుడు పెట్టు.

ఇట్లు,
నీకు నీళ్ళు పోసే మనిషిని పంపలేకపోయిన
మీ నాన్న